ఒకే రక్తం అన్నారు

ల్యాబ్ కోర్సు చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. "మేడమ్, మీ అనుభవాలు రాయండి, మాకు పనికొస్తాయి" అని. రాస్తున్నాను, ఫోన్లోనే, బొటనవేళ్లతో. కోపం వచ్చినప్పుడు ఆపేసి, తగ్గాక మళ్లీ మొదలుపెడుతున్నాను. అక్కడక్కడా అతుకులు కనబడితే సర్దుకోండి.

ఏ మెషీన్ ఎప్పుడొచ్చింది, ఎవరికి ముందు ప్రమోషన్ ఇచ్చారు, ఇవేవీ రాయను. అవి రిటైర్మెంట్ సభల్లో చెబుతారు, వినేవాళ్లు సమోసాల కోసం చూస్తుంటారు. ఒక కుటుంబం సంగతి రాస్తాను. ఈ పని అంటే ఏమిటో నాకు నేర్పింది వాళ్లే. ఎవరూ నేర్చుకోకూడని పద్ధతిలో నేర్చుకున్నాను.

మెట్ల కింద గది

నేను విశాఖపట్నంలో పుట్టి పెరిగినదాన్ని. ఎనభైల మొదట్లో పెళ్లయి బిలాస్‌పూర్ వచ్చాను. ఆయనకు బొగ్గు గనుల ఆఫీసులో ఉద్యోగం. కుదుదండ్‌లో అద్దె ఇల్లు. తెలిపారా సందుల్లో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో టెక్నీషియన్‌గా చేరాను. ఆ ఆస్పత్రి ఇప్పుడు లేదు. ఉన్నా పేరు రాసేదాన్ని కాదు.

ల్యాబ్ అంటే మెట్ల కింద గది. మైక్రోస్కోపు, రక్తం తిప్పే మెషీన్, ఒక పాత ఫ్రిజ్. గ్రూపు చూసే మందు సీసాలు కలకత్తా నుంచి ఐసు ఫ్లాస్కులో రైల్లో వచ్చేవి. మే నెలలో కరెంటు పోతే ఆ సీసాలను తడిగుడ్డలో చుట్టి, కన్నబిడ్డల్లా కనిపెట్టుకుని కూర్చునేదాన్ని. సీసా వేడెక్కితే గ్రూపు తప్పు చెబుతుంది. తప్పు గ్రూపు మనిషిని చంపుతుంది.

రైల్వేవాళ్లకి సొంత ఆస్పత్రి ఉంది, ఉచితం. అయినా కాలనీ తెలుగువాళ్లు కొందరు మా దగ్గరికే వచ్చేవాళ్లు. అక్కడ పొద్దున చూపించుకుంటే సాయంత్రానికి క్వార్టర్లన్నిటికీ తెలిసిపోతుందని వాళ్ల భయం.

గ్రూపుల సంగతి ఎక్కువగా అడిగేది మగవాళ్లే. అడిగే తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది. తోర్వాలో బియ్యం కొట్టున్న తెలుగాయన ఒకడు, స్కూటరుకి స్టాండు కూడా వేయకుండా గోడకి ఆనించి లోపలికి వచ్చాడు.

"నాది ఏ. మా ఆవిడది బీ. కుర్రాడిది ఓ అని రాశారు మీరు. ఏ, బీ కలిస్తే ఓ ఎక్కడి నుంచి వస్తుందండీ?"

"మీ వెనక నుంచి. మీకు ఏ పక్కన ఓ కూడా ఉంది, ఆవిడకి బీ పక్కన ఓ ఉంది. ఏ ఉంటే ఓ కనబడదు. కుర్రాడికి మీ ఇద్దరి దగ్గరా దాక్కున్నవే వచ్చాయి."

"దాక్కోవడం ఏంటండీ?"

"మీ కొట్లో వెనక గదిలో బస్తాలు రోడ్డు మీదికి కనబడతాయా?"

ఆయన ఆలోచించాడు. మొహంలో కాస్త రంగు వచ్చింది.

"ఇంటికెళ్లి ఆవిడకి క్షమాపణ చెప్పండి" అన్నాను.

"నేనేమీ అనలేదే!"

"అన్నారు. మీ మొహం చూస్తేనే తెలుస్తోంది."

ఆయన అలా జారుకున్నాడు. ఇది మీకు రోజూ ఎదురవుతుంది. బిడ్డకు ప్రతి లక్షణానికీ రెండు వంతులు. ఒకటి తల్లి ఇస్తుంది, ఒకటి తండ్రి ఇస్తాడు. పైకి కనబడేది ఒకటి, లోపల దాగేది ఇంకొకటి కావచ్చు. పుస్తకంలో ఇది అరపేజీ. ఆ అరపేజీ తెలియక ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు మాట పడ్డారో పుస్తకంలో ఉండదు.

బడే సాబ్

ఆస్పత్రి పెద్ద డాక్టరుని అందరూ బడే సాబ్ అనేవాళ్లు. చెయ్యి మంచిది. ఆయన వేసిన కుట్టు మానాక వెతికినా కనబడేది కాదు. ఏ వేళలో పిలిచినా వచ్చేవాడు, పేదవాళ్లని పీడించేవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తేలికగా ఉండేది.

ఆయన జబ్బు వేరు. ప్రశ్న పూర్తిగా వినకముందే ఆయనకి జవాబు తెలిసిపోయేది. తెలుగువాళ్ల విషయంలో జవాబు ఒకటే, మేనరికం. ఆయన భాషలో "మామా-భాంజీ", అంటే మేనమామ, మేనకోడలు. బిడ్డకు చెవులు వినపడకపోతే మామా-భాంజీ. బరువు పెరగకపోతే మామా-భాంజీ. ఒకసారి జామచెట్టు మీద నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లాడి తండ్రిని కూడా "మీది మేనరికమా?" అని అడిగాడు. ఆ తండ్రి నా వైపు తిరిగి, "సెట్టుక్కూడా సుట్టరికమేటమ్మా?" అన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పారిపోయాను.

మేనరికం మంచిదని నేను అనడం లేదు. దాని వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి, నా కళ్లతో చూశాను. కానీ ఒకే తాళంచెవితో అన్ని తలుపులూ తీద్దామనుకునే డాక్టరు ప్రమాదం. మీకూ అలాంటి బాస్ దొరుకుతాడు. అతను తెలివితక్కువవాడై ఉండడు, అదే చిక్కు.

కూతురి కూతురు

వరాలు మా దగ్గరికి వచ్చింది రెండో కాన్పుకి. ఇరవై ఏళ్లుంటాయేమో. వెంట బంగారమ్మ. ఈమె వరాలుకి అమ్మమ్మ, అత్తగారు కూడా. లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేసే కొడుకు అప్పారావుకి తన కూతురి కూతుర్నే చేసుకుంది. పెళ్లయినా వరాలు ఆమెను అమ్మమ్మా అనే పిలిచేది, మొగుణ్ణి మావా అని. మొదటి కాన్పు పుట్టింట్లో, విజయనగరం వైపు పల్లెలో మంత్రసాని చేసింది. ఆడపిల్ల పుట్టింది, బాగానే ఉంది.

వరాలు రక్తం చూశాను. నెగెటివ్.

ఇది కొత్తవాళ్లు గట్టిగా పట్టుకోవలసిన సంగతి. తల్లి నెగెటివ్, తండ్రి పాజిటివ్ అయితే బిడ్డకి తండ్రి పాజిటివ్ రావచ్చు. మొదటి కాన్పులో బిడ్డ రక్తం కాస్త తల్లి రక్తంలో కలుస్తుంది. దాని మీద తల్లి ఒంట్లో పగ పుడుతుంది. మొదటి బిడ్డ అప్పటికే బయటపడింది కాబట్టి దానికేం కాదు. తర్వాతి బిడ్డ కూడా పాజిటివ్ అయితే ఆ పగ బిడ్డ రక్తాన్ని విరగ్గొడుతుంది. మొదటి కాన్పు కాగానే తల్లికి ఒక ఇంజెక్షన్ ఇస్తే పగ పుట్టదు. పగ పుట్టాక ఇచ్చి లాభం లేదు.

"అప్పారావు రక్తం కూడా చూడాలి, పంపించండి" అన్నాను.

బంగారమ్మ నవ్వింది. "దేనికి పాపా?"

"ఇద్దరి రక్తం ఒకటో కాదో తెలియాలి."

"ఓలమ్మో, ఏటి పాపా నువ్వు! ఆడు నా కొడుకు. ఇది నా కూతురి కూతురు. బయటి నుంచి తెచ్చుకున్నామేటి? ఒకే రత్తం. ఒకే రత్తంలో ఆడికో రకం, దీనికో రకం ఎలాగుంటాది?"

"ఉంటుంది బంగారమ్మగారూ. ఒక తల్లి పిల్లలకే వేరుగా ఉంటుంది."

"మీ పట్నపోళ్లకి ఉంటాదేమో. మాకు నేదు."

"అమ్మమ్మా, ఓపాలి తీయించీమను మావని..." అని వరాలు నసిగింది.

"నువ్వు నోరుముయ్యే. మొగోడి రత్తం తోడీస్తారా ఎవురైనా? ఆడు షెడ్‌లో ఇనుము ఎత్తాల."

నా కోపం నషాళానికి అంటింది. ఒక్క చుక్క అని చెప్పాను, అరిచాను కూడా. వినలేదు. అప్పారావు డ్యూటీలో ఉన్నాడన్నారు. బడే సాబ్‌తో చెబితే, తల ఎత్తకుండా, కాన్పు కానివ్వు, చూద్దాం అన్నాడు.

కాన్పయింది. మగపిల్లాడు. సాయంత్రానికే పసుపు రాసినట్టు తయారయ్యాడు. రక్తం మార్చే వీలు మా దగ్గర లేదు. ఉన్న చోటికి బయలుదేరదీసేలోగానే పోయాడు. బొడ్డు తాడులో రక్తం చూశాను. పాజిటివ్. తల్లి పగ దాని నిండా ఉంది.

వరండాలో బడే సాబ్ అప్పారావుకి చెబుతున్నాడు, మామా-భాంజీ పెళ్లిళ్లలో ఇలాగే జరుగుతుందని. షెడ్ నుంచి పరుగెత్తుకొచ్చిన మనిషి, చేతులకు నల్లటి గ్రీజు. తల దించుకుని విన్నాడు, తప్పు చేసినవాడిలా. నేను వెళ్లి రక్తం సంగతి చెప్పాను. బడే సాబ్ నాతో, అదీ ఒక కారణమే, అసలు వేరు మాత్రం మేనరికమే అన్నాడు.

చూడండి, ఇంట్లోవాళ్లు మేనరికం కాబట్టి ఏమీ కాదన్నారు. డాక్టరు మేనరికం కాబట్టే అయిందన్నాడు. ఇద్దరికీ అప్పారావు రక్తం ఒక్క చుక్క చూడాలని తోచలేదు.

డెడ్ ఇంజన్

ఏడాది తిరిగాక వరాలుకి మళ్లీ నెల తప్పింది. ఆమె చూపించుకుని వెళ్లిన నాలుగు రోజులకు అప్పారావు ఒక్కడే వచ్చాడు. కిరసనాయిలుతో తోముకున్నట్టున్నాడు, చేతులు ఎర్రగా ఉన్నాయి.

"తియ్యండమ్మా. మాయమ్మకి సెప్పకండి."

పాజిటివ్. అనుకున్నదే. వరాలు రక్తంలో పగ ఎక్కువగానే ఉంది. అతనికి అర్థమయ్యేలా చెప్పాలి, లేకపోతే మళ్లీ ఎవరో ఒకరు వాళ్ల తరఫున ఆలోచించేస్తారు.

"అప్పారావూ, చెడిపోయిన ఇంజన్లు షెడ్‌కి ఎలా వస్తాయి?"

"నడిసే ఇంజనుకి తగిలించి లాక్కొస్తారు. డెడ్ ఇంజన్ అంటాం."

"దూరం నుంచి చూసేవాడికి బండి నడుస్తున్నట్టే ఉంటుందా?"

"ఒకటి నడిస్తే సాలు కదమ్మా. దూరంగా ఉన్నోడికేటి తెలుస్తాది?"

"మనిషిలోనూ అంతే. రెండు ఇంజన్లు. అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. ఒక్కటి నడిచినా పాజిటివ్. రెండూ డెడ్ అయితేనే నెగెటివ్. వరాలుకి రెండూ డెడ్. నీకు ఒకటి నడుస్తోంది, రెండోది ఏంటో తెలీదు."

"అచ్ఛా" అన్నాడు. "రెండోది డెడ్డయితే మంచిదా?"

"మంచిదే. బిడ్డకి నువ్విచ్చేది రెండింట్లో ఒక్కటే. డెడ్‌ది ఇచ్చావంటే బిడ్డ కూడా వరాలులాగే నెగెటివ్. అప్పుడు ఆ పగ బిడ్డని ముట్టుకోదు."

"ఇప్పి సూడాలంటే?"

"నిన్ను విప్పి చూడలేను. మీ అమ్మని చూడాలి. ఆవిడ నెగెటివ్ అయితే ఆవిడ దగ్గర ఉన్నవి రెండూ డెడ్. నీకిచ్చింది కూడా డెడ్‌దే, ఇంకో దారి లేదు."

అతను నవ్వగా నేను చూడటం అదే మొదలు. "మాయమ్మ డెడ్ ఇంజనా? ఆ మాట మీరే సెప్పండమ్మా. నాను సెప్తే షెడ్డుకే పంపీస్తాది నన్ను."

ఏం చెప్పాడో, ఎలా ఒప్పించాడో, బంగారమ్మ వచ్చింది. వేలు నా ముందు పెట్టి మొహం పక్కకి తిప్పుకుంది. గాజు పలక మీద చుక్క వేసి, మందు కలిపి అటూ ఇటూ ఊపాను. పాజిటివ్ అయితే రక్తం ఇసుక రేణువుల్లా ముద్ద కడుతుంది. కట్టలేదు. నున్నగా, ఎర్రనీళ్లలా ఉండిపోయింది.

"నెగెటివ్" అన్నాను.

ఆమె లేవలేదు. "పాపా, అప్పారావు తరవాత నాకు ముగ్గురు పోయినారు. పసుపు ముద్దల్లాగ పుట్టి పోయినారు. పిల్లల్ని మింగినదాన్నని మాయత్త నా సేతి నీల్లు తాగడం మానీసింది. అది ఇదేనా?"

"ఇదే."

"అప్పుడు ఆ సూదుందా?"

"లేదు."

"వరాలు మొదటి కాన్పప్పుడు?"

"ఉంది."

వేలి మీది రక్తాన్ని చీర చెంగుకి తుడుచుకుంది. "మరి నానే సంపీసినానా దాని గుంటణ్ణి?"

"కాదు. పల్లెలో ఎవరికీ తెలీదు, మీకూ తెలీదు. తెలిసుండాల్సినవాళ్లు వేరే ఉన్నారు."

అప్పుడు ఆమెకు మంచి మాట కూడా చెప్పాను. వరాలు బయటివాణ్ణి చేసుకుని ఉంటే అతనికి రెండూ నడిచే ఇంజన్లే అయ్యే అవకాశం ఎక్కువ, పిల్లలందరూ పాజిటివే అయ్యేవాళ్లు. అప్పారావుని చేసుకుంది కాబట్టే ఈ కడుపుకి సగం ఆశ ఉంది. బడే సాబ్ ఏ పెళ్లిని తిట్టాడో ఆ పెళ్లే ఈ సగం ఇచ్చింది. బంగారమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, నాకో, ఎవరికో తెలియదు.

నాగపూర్ దాకా

ఏడో నెల నిండబోతుండగా బడే సాబ్ ఆపరేషన్ అన్నాడు. వరాలు రక్తంలో పగ పెరిగింది, కడుపులోనే బిడ్డ పోతుంది, ఇప్పుడే తీసేద్దామని. నేను ఆయన గదిలోకి వెళ్లాను.

"సర్, అది పాత పగ కావచ్చు. ఈ బిడ్డ పాజిటివ్ అని దాన్ని బట్టి చెప్పలేం. నెగెటివ్ అయ్యే అవకాశం సగం ఉంది. నాగపూర్‌లో ఉమ్మనీరు తీసి చూస్తారు. పసుపుగా ఉంటే తీసేద్దాం, తేటగా ఉంటే నెలలు నిండనిద్దాం. వాళ్లకి రైల్వే పాస్ ఉంది, రేపే వెళ్లొచ్చు."

"సగం అవకాశం అని నీకు ఎవరు చెప్పారు?"

"బంగారమ్మ రక్తం."

"నువ్వు డాక్టరువా?"

"కాదు సర్. కానీ ఆ ముసలావిడ రక్తం చూసింది నేను. మీరు చూడలేదు."

అంత గట్టిగా అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలామంది చెప్పారు. వినయంగా చెబితే వినేవాడేమో అన్నారు. బిడ్డ ప్రాణం టెక్నీషియన్ గొంతు మెత్తదనం మీద ఆధారపడే చోట తప్పు గొంతుది కాదని నేను ఇప్పటికీ అంటాను.

ఆయన అప్పారావుని లోపలికి పిలిచాడు. ఆలస్యం చేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారన్నాడు. ఆ మాట విన్నాక ఏ మొగుడు నాగపూర్ బండి ఎక్కుతాడు? చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. ఎలాగూ పొట్ట కోస్తున్నాం కదా, ఇక పిల్లలు పుట్టకుండా ఆ పని కూడా చేసేస్తానన్నాడు బడే సాబ్. దానికీ మొగుడి సంతకం చాలు ఆ రోజుల్లో. వరాలు అప్పటికి లోపల బల్ల మీద ఉంది.

మగపిల్లాడు. అరచేతిలో ఇమిడేంత. బొడ్డు తాడు రక్తం నా గదికి వచ్చింది. పలక మీద వేశాను. ముద్ద కట్టలేదు. కొత్త సీసా తెరిచి మళ్లీ వేశాను. కట్టలేదు. పగ ఆనవాలు కోసం చూశాను, లేదు. ఆ బిడ్డ రక్తంలో ఏ దోషమూ లేదు. ఊపిరితిత్తులు మాత్రం ఇంకా తయారు కాలేదు. వాటికి ఇంకొన్ని వారాలు కావాలి, అంతే. పొద్దుగూకేదాకా ఎగశ్వాస తీశాడు.

బంగారమ్మ మెట్ల దగ్గర నన్ను ఆపింది. "గుంటడి రత్తం ఏటొచ్చింది పాపా?"

"నెగెటివ్. మీదే."

"మరైతే బతకాల కదా."

ఆమె తిన్నగా బడే సాబ్ గదిలోకి నడిచింది, వెనకాల నేను. ఆమెకు హిందీ బజారు మట్టుకే వచ్చు. తెలుగులోనే అంది, "బాబూ, మా రత్తం మంచిదే. గుంటడు మంచోడే. దాని కడుపులో ఇంకొన్నాల్లు ఉండనిస్తే బతుకును. నీకేటి తొందరొచ్చీసింది?"

ఏమంటోందని ఆయన నన్ను అడిగాడు. ఒక్క మాట మెత్తబరచకుండా హిందీలో చెప్పాను, చివరి ప్రశ్నతో సహా. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఒక్క క్షణం, నిజంగా అర్థమైందనిపించింది. తర్వాత అద్దాలు పెట్టుకుని, మామా-భాంజీ పెళ్లిళ్లలో ఇలాంటివి తప్పవని ఈవిడకి నచ్చజెప్పు అన్నాడు నాతో.

"ఆ మాట నేను చెప్పను సర్" అన్నాను.

నన్నేమీ చేయలేదు. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. ఆయనకూ ఏమీ కాలేదు. పోయింది వాళ్లకే. ఈ వృత్తిలో అన్నిటికన్నా చేదైన సంగతి ఇదే.

కుట్లు విప్పిన రోజు

కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజు వరాలు నా గది తలుపు దగ్గర ఆగింది. మనిషి చిక్కిపోయింది కానీ మొహంలో ఏదో పట్టుదల. వెనకాల అప్పారావు ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, మావ నాకు ఇంజన్ల సంగతి సెప్పినాడు. సగం సగమంట కదా?"

"అవును."

"అయితే మళ్లీ డెడ్దే వస్తాది, నాకు తెలుసు. ఈపాలి నెల తప్పగానే నీకాడికే వచ్చీస్తాను. ఈల్లెవుర్నీ అడగను. నాగపూర్ ఎల్లిపోతాం, పాసుంది. అక్కడ ఎవుర్ని కలవాలో సెప్పు సాలు."

నేను అప్పారావు వైపు చూశాను. అతను చెప్పుల వైపు చూస్తున్నాడు.

"నీకు చెప్పలేదా?" అన్నాను వరాలుతో.

"ఏటి?"

"ఇంటికెల్లినాక సెప్తానమ్మా" అన్నాడు అతను గొణుగుతూ. "సెప్దామనే అనుకుంతన్నాను..."

డాక్టరు చెప్పలేదు, నర్సు చెప్పలేదు, మొగుడు చెప్పలేదు. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి నేనే చెప్పాను, ఆ రోజు బిడ్డను తీసిన కోతలోనే ఇంకేం చేశారో, ఇక నెల తప్పడం ఉండదని. ఆమె ఏడవలేదు. చీర మీద నుంచే పొట్ట తడుముకుంది. మెల్లగా వెనక్కి తిరిగింది.

"మావా, నన్నడగాల కదా?"